మూడో నంబరు తల్లి

కిందటి వారం మనం ఆ తల్లిని ఆసుపత్రి లాండ్రీ గుమ్మంలో వదిలిపెట్టాం. ఇరవై ఒక్క ఏళ్ళుగా అక్కడ రోగుల దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ రోలరు మీద నడిపించి, మడతలు పెట్టిన మనిషి ఆవిడ. "లాండ్రీ పని ఎలా చేస్తారో చూసి నేర్చుకుంటాను" అంటూ ఒక నాటకాల నటి ఆఫీసు చీటీ పట్టుకుని వస్తే, పక్కన నిలబెట్టుకుని తడి దుప్పటి ఎలా పట్టుకోవాలో, అంచుకి అంచు ఎలా కలపాలో ఓపిగ్గా నేర్పింది. మాటల్లో మాటగా నటి అంది: "ఫిల్మ్ స్కూలు పిల్లల సినిమా అక్కా. నాది తల్లి వేషం. కూతురు కథలు రాసుకున్న నోటుబుక్కుని పొయ్యి మీద పెట్టి కాల్చేస్తుంది ఆ మహాతల్లి. రేపే ఆ సీను. అంత కోపం ఎక్కణ్ణించి తెచ్చుకోవాలో నాకు తెలియట్లేదు." అని సంచిలోంచి స్క్రిప్టు తీసి చూపించింది. మొదటి పేజీలో 'ఇది నిజంగా జరిగిన కథ' అని ఉంది. కింద రాసిన మనిషి పేరు ఉంది. ఆ పేరు తను కని, పెంచి, హాస్టల్‌కి పంపిన కూతురిది.

మర్నాడు పొద్దున్న ఎప్పటిలాగే షిఫ్టుకి వచ్చిన ఆ తల్లి, పది గంటలకి ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించి, సూపర్‌వైజరు వెనక నించి పిలుస్తున్నా వినకుండా బయటికి నడిచింది. ఇరవై ఒక్క ఏళ్ళలో పని మధ్యలో వదిలి వెళ్ళడం అదే మొదలు.

అక్కణ్ణించి కథలోకి.

ఫిల్మ్ స్కూలు వెనక గోదాము లాంటి పెద్ద హాలు ఉంది. చివరి ఏడాది విద్యార్థులకి ఒక్కో జట్టుకి మూడేసి రోజులు ఆ హాలు ఇస్తారు. సెట్టు వేసుకోవడం, సినిమా తీసుకోవడం, సెట్టు పీకేసుకోవడం అన్నీ ఆ మూడు రోజుల్లోనే. ఇవాళ మూడో రోజు. సాయంత్రం అయిదింటికి ఇంకో జట్టు తమ చెక్కలూ మేకులూ పట్టుకుని వచ్చేస్తుంది. ఇంకా తియ్యాల్సింది ఒక్క సీను. సినిమాకి ప్రాణం లాంటి సీను. పొద్దుటి నించి అది కుదరడం లేదు.

"కోపం చాలట్లేదు మేడం," అంది పిచ్చుక.

ఇరవై రెండేళ్ళ దర్శకురాలికి ఆ పేరు వాళ్ళ నాన్న పెట్టింది. చిన్నప్పుడు ఇంట్లో ఒకచోట నిలవకుండా కిచకిచలాడుతూ తిరిగేదని. ఎలా పాకిందో గానీ ఫిల్మ్ స్కూల్లో కూడా అందరూ అలాగే పిలుస్తారు.

"ఇంకా ఎంత కోపం కావాలమ్మా?" అంది నటి, లాండ్రీ చొక్కా తొడుక్కుని, చేతిలో నోటుబుక్కుతో స్టవ్ ముందు నిలబడి. "పళ్ళు కొరికాను. కళ్ళెర్రజేశాను. ఇంక చెయ్యి చేసుకోవడం ఒక్కటే తక్కువ."

"అరుపుల కోపం కాదు. ఆ తల్లికి తన పిల్ల ఎదగడం ఇష్టం లేదు. తను లాండ్రీలో మగ్గిపోయింది కాబట్టి పిల్ల కూడా అలాగే మగ్గిపోవాలి. అందుకని పిల్ల ఎంతో ఇష్టంగా రాసుకున్నవన్నీ తీరిగ్గా, ఒక్కో కాగితం చింపి కాలుస్తుంది. లోపల్లోపల అదో తృప్తి. అర్థమైందా?"

"అయ్యో, అలాంటి తల్లులుంటారా?"

"ఉంటారు," అంది పిచ్చుక. "నాకు తెలుసు."

"నాకు తెలీదే," అన్నారెవరో లైట్ల వెనక నించి.

కెమెరా దగ్గర వంగి ఉన్న కుర్రాడు, అందరూ 'పొడుగు' అనేవాడు, నిటారుగా లేచి చూశాడు. రెండు పెద్ద లైట్ల మధ్య చీకట్లో ఒక మనిషి నిలబడి ఉంది. లేత నీలం రంగు లాండ్రీ చొక్కా. మోచేతుల దాకా మడిచిన చొక్కా చేతులు. నడిచి వచ్చినట్టుంది, జుట్టు చెదిరి నుదుటికి అంటుకుంది.

"అమ్మా," అంది పిచ్చుక. గొంతు సగమే పలికింది.

తల్లి వెలుగులోకి వచ్చింది. వచ్చి, చుట్టూ చూసింది.

అది ఆవిడ వంటగది. భుజం ఎత్తు దాకా ఆకుపచ్చ రంగు, పైన సున్నం. అలమారలో స్టీలు డబ్బాలు పెద్దది మొదలుకుని చిన్నదాకా ఆవిడ పేర్చే వరసలోనే ఉన్నాయి. తలుపు సరిగ్గా పడని పాత ఫ్రిజ్, దానికి అడ్డంగా బిగించిన రబ్బరు పట్టీ. పప్పు కొలిచే పిడి లేని కప్పు. ఏదీ మర్చిపోలేదు పిల్ల. తన ఇంట్లోంచి గోడలతో సహా ఎత్తుకొచ్చినట్టుంది. ఆవిడ ఒక్కొక్కటే ముట్టుకుంటూ వెళ్ళి తలుపు దగ్గర ఆగింది. గుమ్మం చట్రం మీద పెన్సిలుతో అడ్డంగా గీతలున్నాయి, పక్కన అయిదేళ్ళు, ఆరేళ్ళు, ఏడేళ్ళు అని రాసి.

"ఇవేమిటే?"

"పిల్ల ఎత్తు కొలిచిన గీతలమ్మా."

"మన గుమ్మానికి ఇవెప్పుడున్నాయి? నిన్నెవరు కొలిచారు?"

పిచ్చుక దిక్కులు చూసింది. "ఇలాంటి సినిమాల్లో ఉంటాయి. ప్రేక్షకులకి వెంటనే అర్థమవుతుంది, పిల్ల ఈ ఇంట్లోనే పెరిగిందని."

"ఓహో. డబ్బాలు నావి, కప్పు నాది, గీతలు ప్రేక్షకులవి." తల్లి నవ్వింది. ఆ నవ్వు వింటే సౌండ్ చూసే అమ్మాయికి భయం వేసింది. "నేను నీ పుస్తకం చింపి, ఒక్కో కాగితం కాలుస్తూ తృప్తి పడటం? అది ఎవరిదే? నాదా, ప్రేక్షకులదా?"

"అమ్మా, బయట మాట్లాడుకుందాం రా."

"బయటెందుకు? నన్ను బజారున పడేసింది ఇక్కడేగా? ఇక్కడే మాట్లాడదాం."

నటి నోటుబుక్కు స్టవ్ పక్కన పెట్టేసి, "అక్కా, నాకు నిజంగా తెలీదు, మీరని నాకెవరూ..." అంటూ దగ్గరికి రాబోయింది. తల్లి చూపు ఆమె చేతి మీద పడింది. కుడి మణికట్టు పైన, బొటనవేలి కింద నించి అడ్డంగా, మేకప్‌తో వేసిన కాలిన మచ్చ. ఎర్రగా, అంచులు ముడతలు పడి. తల్లి తన చెయ్యి చాపి దాని పక్కన పెట్టింది. అదే చోట, అదే పొడవున, ఆవిడ మచ్చ తెల్లబడి ఉంది.

ఆవిడ ఆ రెండు చేతుల్నీ మార్చి మార్చి చూసింది.

"ఇది కూడా దింపావా," అంది తల్లి.

"దింపాను." పిచ్చుక గొంతు ఈసారి గట్టిగా వచ్చింది. బెదిరిపోవడం అయిపోయింది. ఆరేళ్ళ నించి లోపల అణిచిపెట్టుకున్నది తన్నుకొచ్చింది. "ఎందుకు దింపకూడదు? నేనేం లేనిది రాశానా? నాకు పదహారేళ్ళు. పొద్దున్న వెళ్ళేటప్పుడు, సాయంత్రం నీకు కొత్త కథ చదివి వినిపిస్తానమ్మా అని నోటుబుక్కు వంటింట్లో బల్ల మీద పెట్టి వెళ్ళాను. వచ్చేసరికి ఇల్లంతా కాగితం కాలిన కంపు. నీ చేతికి తడిగుడ్డ. ఎవరు కాల్చారని అడిగితే 'నేనే' అన్నావ్. అన్నావా లేదా?"

"అన్నాను."

"ఎందుకని అడిగితే 'పోయిందేదో పోయింది, వదిలెయ్' అన్నావ్. అన్నావా లేదా?"

"అన్నాను."

"మరింక నీ కోపమేంటమ్మా? నువ్వు చేసిందే కదా తీస్తున్నాను!"

తల్లి ఏదో అనబోయి ఆగింది. గోడకి, కెమెరా పక్కన, ఒక తెల్ల కాగితం అంటించి ఉంది. పెద్ద అక్షరాలు. ఆవిడ వెళ్ళి దాని ముందు నిలబడింది. పైన 'ఎదిగే కథలు: ఉండాల్సినవి' అని శీర్షిక. పిల్లలు పెద్దవాళ్ళయ్యే కథలకి స్క్రీన్‌ప్లే మాస్టారు క్లాసులో చెప్పిన సూత్రాలు అవి. ఆవిడ పైకే చదివింది, బడిపిల్లలా కూడబలుక్కుంటూ, కావాలనే.

"ఒకటి, మరిచిపోలేని సెలవులు. రెండు, మనకన్నా ధైర్యం ఉన్న స్నేహితురాలు. మూడు, అర్థం చేసుకోని పెద్దమనిషి." దాని పక్కన ఎర్ర సిరాతో టిక్కు ఉంది. టిక్కు పక్కన చిన్న అక్షరాలతో 'అమ్మ' అని ఉంది. "ఇదా నేను? మూడో నంబరా?"

"అది లెక్క కోసం అమ్మా, క్లాసు పని..."

"నాలుగు, ఒక మరణం." ఆవిడ గొంతు అక్కడ తగ్గింది. టిక్కు పక్కన 'నాన్న'. ఆవిడ ఆ రెండక్షరాల మీద వేలు పెట్టి కూతురి వైపు తిరిగింది. "నాలుగో నంబరు మీ నాన్నా? ఆయన చచ్చిపోతే నీకో టిక్కు వచ్చిందా?"

"అమ్మా!"

"అరవకు. నిన్నో మాట అడుగుతాను, జవాబు చెప్పు. ఆ రోజు నువ్వు బడి నించి వచ్చావు. నేను స్టవ్ దగ్గరున్నాను. మీ నాన్న ఎక్కడున్నాడు?"

పిచ్చుక తడుముకుంది. "కిటికీ దగ్గర."

"ఏం చేస్తున్నాడు?"

"నిలబడ్డాడు. అటు తిరిగి."

"మరి నీ సినిమాలో లేడేం? కిటికీ ఉంది, పరదా ఉంది, నా రబ్బరు పట్టీ ఉంది. ఆయనేడీ?"

"ఆ సీనుకి నాన్న అప్పటికే చనిపోయి ఉంటాడు. ఇద్దరు పెద్దవాళ్ళుంటే బలం తగ్గుతుందన్నారు సార్. మంచి నాన్న పోయాడు, పిల్లకి తల్లి ఒక్కతే మిగిలింది, ఆ తల్లి ఇలా చేసింది... అలాగైతే ప్రేక్షకుడు పిల్ల వైపే ఉంటాడని."

"బతికున్న మనిషిని ముందే చంపేశావన్న మాట. నీ సీను కోసం." తల్లి రెండడుగులు ముందుకు వేసింది. "ఆయన్ని కిటికీ దగ్గర నిలబెట్టి చూసుంటే నీకే తెలిసేది. ఎందుకు అటు తిరిగి నిలబడ్డాడో. ఎందుకు నిన్ను చూడలేకపోయాడో."

"అంటే?"

"నీ పుస్తకం కాల్చింది నేను కాదే. మీ నాన్న."

నటి ఉలిక్కిపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిచ్చుక కదల్లేదు. "అబద్ధం," అంది.

"అవును, అబద్ధమే. ఆరేళ్ళ నించి చెప్తున్నది అబద్ధం. ఇప్పుడు చెప్తున్నది కాదు."

"నాన్న అలా చెయ్యడు. నాన్నకి నా కథలంటే ఇష్టం. నేను చదివితే నవ్వేవాడు."

"నవ్వేవాడు. ఆ రోజు నువ్వు నాకు చదవబోయిన కథ ఏమిటో గుర్తుందా?"

పిచ్చుకకి గుర్తుంది. ఆ నోటుబుక్కులో రాసిన ప్రతి కథా గుర్తుంది. పోగొట్టుకున్నవి కాబట్టి మరీ గుర్తున్నాయి. "బెంచీ నడిపే డ్రైవరు," అంది.

"చెప్పు. వీళ్ళందరికీ చెప్పు ఆ కథ."

"ఒక... బస్సు డ్రైవరు. రోజూ యూనిఫాం వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని పార్కుకి వస్తాడు. బెంచీ మీద కూర్చుని దాన్నే బస్సులా నడుపుతాడు. ఆడుకునే పిల్లలు ఎక్కుతారు. తర్వాతి స్టాపు జారుడుబల్ల, ఆ తర్వాతి స్టాపు ఉయ్యాల అని అరుస్తాడు. మధ్యాహ్నం బెంచీకి రిపేరని చెప్పి పిల్లల్ని దింపేసి డబ్బా తింటాడు." ఆమె ఆగింది. "అది తమాషా కథమ్మా. నవ్వుకోవడానికి రాశాను."

"ఆ డ్రైవరు నీ ఊహలోంచి వచ్చాడా?"

పిచ్చుక తల దించి నేల మీది సుద్ద గీతల వైపు చూసింది.

"అడుగుతున్నాను. ఊహలోంచి వచ్చాడా?"

"ఒకరోజు బడి తొందరగా వదిలేశారు. పార్కులోంచి వస్తుంటే నాన్న బెంచీ మీద కూర్చున్నాడు. 'ఇవాళ డ్యూటీ మార్చారమ్మా, అమ్మకి చెప్పకు, కంగారు పడుతుంది' అన్నాడు. నేను నమ్మాను. అది చూశాక... ఆ కథ తట్టింది."

"డ్యూటీ మార్చలేదు. డ్యూటీయే లేదు." తల్లి మాటలు ఇప్పుడు అరుపులు కావు. లాండ్రీలో ఇస్త్రీ చేసిన దుప్పట్లలా ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, తొందర లేకుండా. "కంటిచూపు పరీక్షలో తప్పాడు. ఇంక బస్సు ఇవ్వలేమని చెప్పేశారు. అప్పటికి నాలుగు నెలలైంది. నాకు తెలీదు. రోజూ పొద్దున్న నేనే ఆయన యూనిఫాం ఇస్త్రీ చేశాను. నేనే డబ్బా కట్టాను. పాత పొదుపులోంచి తీసి జీతమని నా చేతిలో పెడితే తీసుకున్నాను. ఆ రోజు బల్ల మీద నీ పుస్తకం తెరిచి చదివాడు. తన గురించి తన కూతురు రాసిన తమాషా కథ. సాయంత్రం నువ్వు నాకది చదువుతావు. నేను నవ్వుతాను. నవ్వి, ఆ తర్వాత అడుగుతాను. అందుకని కాల్చాడు. నీ కథలంటే ఇష్టం లేక కాదే. నాకు తెలియకూడదని."

"మరి నువ్వు..."

"నేను షిఫ్టు అయ్యి వచ్చేసరికి పుస్తకం సగం మండుతోంది. నీ అక్షరాలు చూడగానే చెయ్యి పెట్టి లాగేశాను, చేతిలోకి మసి కాగితాలే వచ్చాయి. అప్పుడు చెప్పాడు నాకు అన్నీ. దీన్ని చూసేగా నేను కాల్చానని నమ్మావు?" ఆవిడ మణికట్టు పైకెత్తింది. "ఇది కాల్చిన చెయ్యి కాదు. ఆర్పిన చెయ్యి. ఇప్పుడు తీసుకెళ్ళి ఇంకొకళ్ళ చేతి మీద రంగుతో పూశావు, ఊరంతా చూసి ఛీ అనడానికి!"

సౌండ్ అమ్మాయి చెవుల మీద నించి హెడ్‌ఫోన్లు తీసేసింది.

పిచ్చుక స్టవ్ పక్కన బల్ల పట్టుకుని నిలబడింది. ఏడుస్తుందనుకున్నాడు పొడుగు. ఏడవలేదు. తల ఎత్తేసరికి ఆమె కళ్ళలో ఉన్నది కూడా కోపమే.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పను?"

"నిజం! నాకెందుకు చెప్పలేదమ్మా? ఎవరు కాల్చారని నేను గొంతు చించుకుంటుంటే నాన్న ఉన్నాడు, నువ్వున్నావు, ఇద్దరికీ తెలుసు. నేనొక్కదాన్నే పిచ్చిదాన్ని. నెల రోజులు నీతో మాట్లాడలేదు. హాస్టల్‌కి వచ్చేశాను. పండక్కీ పబ్బానికీ చుట్టంలా వచ్చి పోయాను. నీ పక్కన కూర్చుంటే కాగితం కాలిన వాసన వచ్చేది నాకు. ఆరేళ్ళు! ఆరేళ్ళు నిన్ను అసహ్యించుకోనిచ్చావు. అది గొప్పనుకున్నావా? త్యాగం అనుకున్నావా?"

"త్యాగం లేదు, తోటకూర లేదు. నువ్వు ఎవరు కాల్చారు అన్నావు. ఆయన మొహం చూశాను. నోరు తెరిస్తే అన్నీ చెప్పాలి. ఉద్యోగం, పార్కు, అన్నీ. చెప్పాక ఇంక నీ ముందు తలెత్తలేడు. నీ కోపం నాకొక లెక్కా? నాలుగు రోజులు పడతాననుకున్నాను. నేనే అనేశాను. నాలుగు రోజులు ఆరేళ్ళవుతాయని నాకేం తెలుసు?"

"నాన్న పోయాక చెప్పొచ్చుగా!"

"పోయిన మనిషి మీద చెప్పమంటావా?" తల్లి గొంతు మళ్ళీ లేచింది. "నీకు ఆయనొక్కడే దేవుడు. మిగిలింది అదొక్కటే. అది కూడా పీకేయమంటావా? ఇప్పుడు మాత్రం చెప్పేదాన్నా? నువ్వు చెప్పించావు. నీ సినిమా చెప్పించింది. ఆయన్ని దాచడానికి నేను ఇంట్లో చెడ్డదాన్నయ్యాను, అది నా ఇష్టం. తెర మీద చెడ్డదాన్నవడానికి ఒప్పుకోలేదు. ఎవరూ నన్ను అడగలేదు!"

పిచ్చుక చూపు గోడ మీది కాగితం వైపు వెళ్ళింది. నిజమే. అడగలేదు. నాన్ననీ అడగలేదు, బెంచీ మీద చూసిన రోజున.

"ఏమిటీ గొడవ? షాటు ఎంతవరకు వచ్చింది?" అంటూ స్క్రీన్‌ప్లే మాస్టారు లోపలికి వచ్చాడు. మెడలో కళ్ళద్దాలు, చేతిలో టీ కప్పు. పొడుగు వెళ్ళి ఆయన చెవిలో నాలుగు ముక్కలు చెప్పాడు. మాస్టారు తల పంకించి తల్లికి ఎదురుగా వచ్చి, చిన్న పిల్లలకి చెప్పినట్టు మొదలుపెట్టాడు.

"చూడండమ్మా. మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఇది కళ. కల్పన. ఇందులో తల్లి మీరు కాదు. అదొక పాత్ర."

"కల్పనైతే మొదటి పేజీలో నిజంగా జరిగిందని ఎందుకు రాయించారు?"

"అది... ఒక పద్ధతి. ఈ తరహా సినిమాలకి దానివల్ల బలం వస్తుంది."

"మీ బలం కోసం నా వంటిల్లు కావాలి, నా చొక్కా కావాలి, నా మచ్చ కావాలి. ఆ తల్లి మాత్రం నేను కాదంటారు. బాగుంది." ఆవిడ నటి వైపు తిరిగింది. "చెల్లెమ్మా, నువ్వు మంచిదానివి. నీ మీద నాకేం కోపం లేదు. కాసేపు అలా కూర్చో."

నటి తప్పుకుంది. తల్లి స్టవ్ ముందు, నేల మీద సుద్దతో గీసిన గుర్తు మీద, వెళ్ళి నిలబడింది.

"ఏరా పొడుగూ, నీ కెమెరా పనిచేస్తోందా?"

"ఆఁ ఆంటీ."

"అయితే తియ్యి. నిజంగా జరిగిందని రాశారుగా, నిజంగానే తీద్దాం. నా వేషం నేనే వేస్తాను. ఆ కిటికీ దగ్గర ఎవర్నైనా మగమనిషిని అటు తిప్పి నిలబెట్టండి, మొహం అక్కర్లేదు. మాస్టారూ, మీరు నిలబడతారా?"

మాస్టారి చేతిలో టీ తొణికింది.

"పదహారేళ్ళ పిల్లగా వేసే అమ్మాయి బయట మేకప్ వేసుకుంటోంది, పిలవనా?" అన్నాడు పొడుగు, ఎవరిని అడుగుతున్నాడో తెలియకుండా.

"వద్దు," అంది తల్లి. కూతురి కళ్ళలోకి చూసింది. "ఆ పిల్లకేం తెలుసు? నువ్వే రా. నేనే కాల్చానన్నాక నువ్వు నన్నొక మాట అన్నావు. స్క్రిప్టంతా చదివాను నిన్న, మొదటి పేజీ నించి చివరి పేజీ దాకా. ఆ మాట ఎక్కడా లేదు. నేను అన్నవన్నీ గుర్తున్నాయి నీకు. నువ్వు అన్నది మాత్రం జారిపోయింది. ఇవాళ అందరి ముందూ అను. అదే మాట, అదే గొంతుతో. ఒక్క అక్షరం తగ్గినా నేనొప్పుకోను."



"ఏ మాటమ్మా అది?" అన్నాడు మాస్టారు.

పిచ్చుక ఆయన చెవిలో చెప్పింది. ఆయన ముఖం మాడిపోయింది. "వద్దు. అది పెట్టకూడదు. పిల్ల నోట ఆ మాట వస్తే ప్రేక్షకుడికి ఆమె మీద సానుభూతి పోతుంది. సినిమా అంతా పోతుంది. ఎదిగే కథలో నాయిక తల్లిని అలా అనడానికి వీల్లేదు."

"అన్నాను సార్," అంది పిచ్చుక.

"అన్నావు సరే, చూపించక్కర్లేదు. నీ మార్కులు ఆలోచించు."

పిచ్చుక గోడ దగ్గరికి వెళ్ళింది. ఆ కాగితాన్ని ఒక మూల పట్టుకుని లాగితే, టేపుతో పాటు సెట్టు రంగు కూడా పెచ్చులూడి వచ్చింది. ఉండ చుట్టి మాస్టారి చేతిలో పెట్టింది. "మీరు బయట కూర్చోండి సార్. కిటికీ దగ్గర పొడుగు నిలబడతాడు. కెమెరా స్టాండు మీద ఉంది, దానంతటదే నడుస్తుంది."

మాస్టారు ఇంకేదో అనబోయాడు. పొడుగు అప్పటికే రికార్డు బటన్ నొక్కి కిటికీ వైపు వెళ్ళిపోయాడు. సౌండ్ అమ్మాయి హెడ్‌ఫోన్లు మళ్ళీ పెట్టుకుంది.

పిచ్చుక సెట్టు చుట్టూ తిరిగి, గుమ్మానికి అవతలి వైపు, ప్లైవుడ్డు తలుపు వెనక నిలబడింది. ఆ రోజు బడి నించి వచ్చి నిలబడ్డట్టే. యాక్షన్ అనాల్సింది కూడా తనే.

లోపల స్టవ్ అంటించిన చప్పుడు. వెంటనే సౌండ్ అమ్మాయి కేక: "ఆంటీ, ఆగండి! రాసిన పుస్తకం అదొక్కటే ఉంది, ఇంకోటి లేదు! ఇంకో టేకు తియ్యలేం!"

"ఒక్కటి చాలు," అంది తల్లి.

కాగితం అంటుకున్న వాసన తలుపు కిందనించి వచ్చింది.

"యాక్షన్," అని, పిచ్చుక తలుపు తోసింది.